కనబడని బంతి

ఎడమ కంట్లో నల్లచుక్క మొదటిసారి కనబడింది స్కూల్లో, పొద్దున ప్రార్థన జరుగుతున్నప్పుడు. పిల్లలంతా వరుసల్లో నిలబడి ఉన్నారు. వాళ్ల తెల్లచొక్కాల మీదుగా దోమ ఏదో ఎగురుతున్నట్టు అనిపించి చేత్తో తోలాను. అది పోలేదు. కన్ను ఎటు తిప్పితే అటు వచ్చింది.

అప్పటికి పోటీలకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

నేను కాడుగోడి దగ్గర ఒక హైస్కూల్లో పీటీ టీచర్ని. చదువుకునే రోజుల్లో వాలీబాల్ ఆడేదాన్ని. రాష్ట్ర జట్టు దాకా వెళ్లి అక్కడితో ఆగిపోయాను. ఆడడం మానేశాక లైన్ జడ్జి పరీక్షలు రాశాను. కోర్టు మూలన ఎర్రజెండా పట్టుకుని నిలబడి, బంతి గీత లోపల పడితే జెండా కిందికి, బయట పడితే పైకి చూపించే మనిషే లైన్ జడ్జి. జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, జాతీయ పోటీలు, అన్నిట్లోనూ పదకొండేళ్లు మూలల్లో నిలబడ్డాను. అప్పుడొచ్చింది ఫోన్. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల అంతర్జాతీయ పోటీలు బెంగళూరులో పెడుతున్నారని, చాలా దేశాల జట్లు వస్తున్నాయని, లైన్ జడ్జీల జాబితాలో నా పేరు కూడా ఉందని.

ఆ మాట విన్న రోజు మా నాయన, కాటన్‌పేటలో తను గుమాస్తాగా చేసే బట్టల హోల్‌సేల్ దుకాణంలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడట. ఈ ఆట నాకు నేర్పింది ఆయనే. గోడౌన్ వెనకున్న ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీసి, సాయంత్రాలు మిగతా గుమాస్తాలతో కలిసి ఆడేవాడు. నన్ను గీత పక్కన కూర్చోబెట్టి, "లోపలో బయటో నువ్వు చెప్పమ్మా" అనేవాడు. ఆరేళ్ల పిల్ల మాటకు కట్టుబడి పెద్దవాళ్లు పాయింట్లు వదులుకుంటుంటే నాకు భలే గర్వంగా ఉండేది.

అందుకేనేమో, కంటి సంగతి ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. మా వీధి చివరున్న కళ్ల డాక్టరమ్మ దగ్గరికి మాత్రం వెళ్లాను. ఆవిడ టార్చి వేసి చూసి, "నలభై దాటాక చాలామందికి వస్తుంది, భయపడక్కర్లేదు" అంది. తర్వాత టార్చి పక్కన పెట్టి, "కానీ మందు వేసి లోపల సరిగ్గా చూడాలి. వచ్చే వారం రా. ఈలోగా మెరుపులేమైనా కనబడినా, పక్కనుంచి తెర లాగినట్టు నీడ వచ్చినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. నేరుగా పెద్ద కంటాసుపత్రికి వెళ్లిపో" అని గట్టిగా చెప్పింది.

వచ్చే వారం నేను వెళ్లలేదు. ఆ వారమంతా మాకు శిక్షణ. పోటీలకు ముందు అధికారులందరికీ కంటి పరీక్ష కూడా చేశారు. గోడ మీది అక్షరాలు రెండు కళ్లతోనూ అడుగు వరుస దాకా చదివేశాను. పరీక్ష కాగితం మీద చివర ఒక ప్రశ్న ఉంది, కళ్లకు సంబంధించి ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని. లేదు అని రాసి సంతకం పెట్టాను. పెన్ను తిరిగి ఇస్తుంటే చుక్క ఆ కాగితం మీదుగానే పోయింది.

మొదటి మూడు రోజులూ ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. ఏడు మ్యాచ్‌లు చేశాను. ఒక్క తప్పు లేదు. మా సూపర్‌వైజర్, మమ్మల్నందరినీ ఏ మ్యాచ్‌కు ఏ మూలన పెట్టాలో నిర్ణయించే పెద్దాయన, ఆనేకల్ మనిషి. కన్నడం ఎంత బాగా వచ్చో తెలుగూ అంతే. మూడో రోజు నా దగ్గరకొచ్చి, "రేపు మన ఇండియా క్వార్టర్ ఫైనల్ ఉండాది కదమ్మా, నిన్ను వెనక గీతకు వేసినా. జాగ్రత్త" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట ఎవరూ వినలేదు.

మర్నాడు పొద్దున తల దువ్వుకుంటుంటే ఎడమ కంటి పక్కన మెరుపు మెరిసింది. కిటికీలోంచి ఎండ పడిందనుకున్నాను. కళ్లు మూసుకున్నా మెరిసింది.

నాకు తెలుసు. తెలియదనుకుని మెట్రో ఎక్కానని ఇప్పుడు చెబితే అబద్ధమే అవుతుంది. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా గుర్తుంది. ఈ ఒక్క మ్యాచ్ అయ్యాక వెళ్తాను అనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి మొదలైతే నాలుగున్నరకు అయిపోతుంది, అయిదింటికల్లా ఆసుపత్రిలో ఉంటాను. రైల్లో కూర్చుని ఈ లెక్కే మళ్లీ మళ్లీ వేసుకున్నాను. కాడుగోడిలో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నాలుగుసార్లు మెరిసింది.

ఇండోర్ స్టేడియం నిండిపోయింది. స్కూలు పిల్లలు, జెండాలు, డప్పులు. మా నాయన దుకాణానికి సెలవు పెట్టి వచ్చి పైవరుసలో ఎక్కడో కూర్చున్నాడు. ఎదుటి జట్టు తూర్పు ఆసియా నుంచి వచ్చింది. నీలం జెర్సీలు. పొట్టి పిల్లలే కానీ బంతి కింద పడనిచ్చేవాళ్లు కాదు. మొదటి సెట్ వాళ్లది, రెండోది మనవాళ్లది.

మూడో సెట్ ఇరవై నాలుగు–ఇరవై మూడు. మనవాళ్లది ముందంజ. ఇంకో పాయింటు వస్తే సెట్ మనది. మన అమ్మాయి ఒకతె లాగి కొట్టిన బంతి నా గీత వైపు వచ్చింది. గీత దగ్గరున్న నీలం జెర్సీ పిల్ల, అది బయటికి పోతుందని చేతులు వెనక్కి తీసుకుని వదిలేసింది. సరిగ్గా బంతి నేలకు తగిలే సమయానికి నా కంట్లో మెరుపు మెరిసింది. రెప్పలు పడ్డాయి. తెరిచేసరికి బంతి ఎగిరిపోతోంది.

నా చెయ్యి జెండాను కిందికి చూపించింది. లోపల.

ఎందుకలా చేసిందో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆలస్యం చేస్తే కనబడలేదని తెలిసిపోతుందన్న భయం ఒకటి. స్టేడియం అంతా లోపలే అని అరుస్తోంది, అదొకటి. రిఫరీ ఈల వేసి మనవాళ్లకు పాయింటు ఇచ్చింది. డప్పులు మోగాయి. బంతిని వదిలేసిన ఆ పిల్ల మాత్రం కదలకుండా నన్నే చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఇంత సందు పెట్టి, ఇంత బయట పడింది కదా అన్నట్టు చూపించి, తలదించుకుని వెళ్లిపోయింది.

నాలుగో సెట్ ఆడినంతసేపూ నా అరచేతుల్లో చెమట ఆరలేదు. జెండా కర్ర జారిపోతుంటే ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆ సెట్ నీలం జెర్సీలు గెలిచాయి. నాకు ఊపిరి వచ్చింది. మన జట్టు సెట్ ఓడిపోతే నాకు ఊపిరి రావడమేమిటని సిగ్గు కూడా వేసింది.

అయిదో సెట్ పదిహేను పాయింట్లకే. ఎనిమిది దగ్గర కోర్టులు మారారు. నీలం జెర్సీలు మళ్లీ నా వైపుకు వచ్చాయి. పది–పది. పన్నెండు–పన్నెండు. పిల్లల అరుపులకు నేల అదురుతోంది. పధ్నాలుగు–పదమూడు, మనవాళ్లు ముందు. ఒక్క పాయింటు వస్తే సెమీఫైనల్. ఈ వయసు వాళ్ల పోటీల్లో మన దేశం అంతదాకా వెళ్లడం నా ఎరుకలో లేదు.

సర్వ్ మనదే. వాళ్లు ఎత్తారు, కొట్టారు. మనవాళ్లు పడిపోతూ ఎత్తారు. బంతి ఆరేడుసార్లు అటూ ఇటూ పోయింది. ఆఖరికి మన జట్టులో అందరికంటే పొడుగమ్మాయికి అందింది. అనంతపురం వైపు పిల్ల, పదిహేడేళ్లు. అడ్డుగా లేచిన నాలుగు చేతుల మీదుగా, నిటారుగా, మూలలోకి కొట్టింది. నా మూలలోకి.

ఆ బంతి రావడం చూశాను. తిరుగుతున్న పసుపు, నీలం రంగులు కూడా గుర్తున్నాయి. గీత దగ్గరికి వచ్చేసరికి ఎడమ కంట్లో విల్లు ఆకారంలో తెల్లటి మెరుపు, దాని వెనకే పొగలాంటి నీడ. రెండు రెప్పలూ పడిపోయాయి. చప్పుడు మాత్రం విన్నాను.

స్టేడియం అరుపులతో దద్దరిల్లింది. మన అమ్మాయిలు ఒకరి మీద ఒకరు దూకుతున్నారు. బెంచీ మీదున్నవాళ్లు కోర్టులోకి పరుగెత్తుకొచ్చారు. వల పక్కన ఎత్తు బల్ల మీద నిలబడ్డ రిఫరీ, ఐరోపా ఆవిడ, ఈల వేసి నావైపు తిరిగింది. ప్రతి బంతినీ తిరిగి చూపించే కెమెరాలు ఆ పోటీల్లో సెమీఫైనల్ నుంచే. ఆరోజు ఆ గీతకు ఉన్నది నేనొక్కదాన్నే.

జెండా కిందికి వంచితే చాలు. అందరూ ఇంటికి పోతారు. నన్ను ఎవరూ ఏమీ అడగరు. బంతి లోపల పడిందేమో కూడా, పడి ఉండొచ్చు కూడా. నా మణికట్టు అప్పటికే కొంచెం కిందికి దిగింది. ఆ క్షణంలో ఇందాకటి పిల్ల వైపు చూశాను. ఆమె నన్ను చూడడం లేదు. కళ్లు మూసుకుని నిలబడి ఉంది, నేను ఏం చెప్పబోతున్నానో ముందే తెలిసినట్టు.

లైన్ జడ్జికి ఇంకో సైగ కూడా ఉంది. ఎవరైనా అడ్డమొచ్చి బంతి కనబడకపోతే, రెండు చేతులూ ఎత్తి ఛాతీ ముందు అడ్డంగా పెట్టాలి. నేను నిర్ణయం చెప్పలేను అని దాని అర్థం. పదకొండేళ్లలో మూడుసార్లో నాలుగుసార్లో వాడి ఉంటాను. మంచి జడ్జి అది వాడకుండానే చూసుకుంటుంది.

చేతులు అడ్డంగా పెట్టాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అరుపులు కాస్త తగ్గి, మళ్లీ ఇంకోరకంగా లేచాయి. రిఫరీ నన్ను దగ్గరికి పిలిచింది. నా మూల నుంచి ఆమె బల్ల దాకా పది పన్నెండు అంగలు ఉంటుందేమో, నడుస్తుంటే తరగలేదు.

ఆమె వంగి ఇంగ్లిషులో అడిగింది. "ఎవరైనా అడ్డమొచ్చారా?"

"లేదు."

"మరి?"

"నేను చూడలేకపోయాను."

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. సరే, వెళ్లు అంది. ఎదురుగా ఉన్న రెండో రిఫరీని పిలిచి మాట్లాడింది. తర్వాత బల్ల మీద నిటారుగా నిలబడి, తను పైనుంచి చూసినదాన్ని బట్టి, అరచేతులు తనవైపు తిప్పి రెండు చేతులూ ఎత్తి చూపించింది. బయట. పధ్నాలుగు–పధ్నాలుగు.

ఆ తర్వాత వినబడినవన్నీ రాయను. నా వెనక వరుసలోంచి ఒకాయన కన్నడంలో, "కణ్ణు కాణల్వా నినగె?" అని అరిచాడు, నీకు కళ్లు కనబడవా అని. అది మాత్రం మరిచిపోలేదు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఇంకా పని అయిపోలేదు. జెండా పట్టుకుని మళ్లీ నా మూలన నిలబడ్డాను. తర్వాతి బంతిని మన అమ్మాయి కంగారులో గీతకు మీటరు దూరం బయటికి కొట్టింది. ఈసారి స్పష్టంగా కనబడింది. జెండా ఎత్తాను. స్టేడియం మొత్తం నన్ను తిట్టింది. పధ్నాలుగు–పదిహేను. ఆ తర్వాతి బంతి మనవాళ్ల చేతులకు తగిలి పక్కకు పోయింది. మ్యాచ్ అయిపోయింది. అనంతపురం పిల్ల వల దగ్గర మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. నీలం జెర్సీలు ఏడుస్తూ నవ్వుతున్నాయి.

జడ్జీల గదిలోకి సూపర్‌వైజర్ వచ్చి తలుపు వేశాడు.

"ఎవురమ్మా అడ్డమొచ్చింది? నేను పైనుంచి చూస్తానే ఉండా. నీ ముందర ఎవురూ లేరే."

"కంట్లో మెరుపులొస్తున్నాయి సార్. రెప్ప పడింది."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి?"

"ఈరోజు పొద్దున్నుంచి."

"దానికి ముందు ఇచ్చినవన్నీ చూసే ఇచ్చినావా?"

"చూసే ఇచ్చాను సార్" అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మడమే కాదు, లేచి నిలబడి, "నిజం చెప్పి నిలబడినావు. ఈ పొద్దు అది చేసేవాళ్లు తక్కువ. ముందు ఆసుపత్రికి పో, మిగతాది మళ్ల చూద్దాం" అన్నాడు. తలవంచుకుని సంచీ భుజానికి తగిలించుకున్నాను.

బయట మెట్ల దగ్గర మా నాయన నిలబడి ఉన్నాడు. ముఖం ముడుచుకుని ఉంది. "నా కండ్లకు లోపలే పడిందమ్మా" అన్నాడు నేను రాగానే. నేను ఒక కన్ను చేత్తో మూసుకుని ఉండడం అప్పుడు చూశాడు. "ఏమైంది? అట్ల పట్టుకోనుండావేల?"

చెప్పాను. చుక్క సంగతి, డాక్టరమ్మ చెప్పింది, సంతకం పెట్టిన కాగితం, అన్నీ.

"పన్నెండు దినాలైందా! నాకొక్క మాట చెప్పాలని లేదా నీకు?"

"చెప్తే పోవద్దంటావని."

"అంటాను, అనకేం?" అని అరిచి, అంతలోనే రోడ్డు మీదికి దిగి ఆటోను ఆపాడు.

ఆసుపత్రిలో మందు మీద మందు వేసి రెండు గంటలు కూర్చోబెట్టారు. కంటిపాప పెద్దదై ఎదురుగా ఉన్న మనుషులు కరిగిపోయినట్టు కనబడ్డారు. మా నాయన చెయ్యి మాత్రం మోచేతి దగ్గర పట్టుకుని వదల్లేదు. పెద్ద డాక్టరు లోపల చూసి, రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, చిరుగు ఉందని, ఇప్పుడే లేజర్ చేసి దాని చుట్టూ అతికించాలని, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే పొర ఊడి వచ్చేదేమోనని చెప్పాడు. "ఈరోజు ఎందుకొచ్చారు? సాధారణంగా ఇంకా ముదిరాక వస్తారు" అని కూడా అడిగాడు.

లేజర్ వేస్తున్నంతసేపూ పచ్చటి వెలుగు కంట్లో టక్కుటక్కుమని కొట్టింది. గడ్డం కదలకుండా పెట్టి కూర్చున్న ఆ పావుగంటా నాకు మూడో సెట్ ఆఖరి బంతే గుర్తొచ్చింది. చూసే ఇచ్చాను సార్ అన్న నా గొంతే వినబడింది.

బయటికొచ్చాక మా నాయనతో అదీ చెప్పాను.

"ఆ సెట్ మనదయ్యింది కదా" అన్నాడు మెల్లిగా.

"అవును."

"చివరికి మ్యాచ్ వాళ్లే గెలిచినారు."

"అయినా, నాయనా..."

"అయినా తప్పే" అన్నాడు. "ఫోన్ చెయ్ ఆయనకు. ఇప్పుడే చెయ్. రేపు అనుకుంటే చెయ్యవు నువ్వు."

ఫోన్లో అంకెలు నాకు కనబడలేదు. మా నాయనే కలిపి చెవి దగ్గర పెట్టాడు. సూపర్‌వైజర్ ముందు కంటి సంగతి అడిగాడు. చెప్పి, "సార్, మూడో సెట్ ఇరవై నాలుగు–ఇరవై మూడు దగ్గర నేను బంతి చూడలేదు. చూసినట్టు జెండా దించాను. మీతో కూడా అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన గొంతు తగ్గింది.

"ఎందుకమ్మా ఇప్పుడు చెప్తా ఉండావు? ఎవురికీ తెలిసేది కాదే."

"నాకు తెలుసు కదా సార్."

"రిపోర్టులో రాయాల్సొస్తాది నేను."

"రాయండి సార్."

"బేజారు చేసినావు నన్ను" అన్నాడు. "కన్ను జాగ్రత్త" అని పెట్టేశాడు.

రాశాడు. అంతర్జాతీయ పోటీలకు నన్ను మళ్లీ పిలవలేదు. సంతకం పెట్టిన కాగితంలో నిజం దాచినందుకు ఏడాది పాటు రాష్ట్ర పోటీల నుంచి కూడా ఆపారు. ఆ నిర్ణయం అన్యాయమని నేను ఎవరి దగ్గరా అనలేదు, నాకు అనిపించనూ లేదు. ఏడాది తర్వాత కన్ను బాగుందని డాక్టరు కాగితమిస్తే జిల్లా పోటీలకు రానిచ్చారు. చుక్క ఇంకా ఉంది. అది పోదట. అలవాటైపోయింది.

అంతకుముందు, క్వార్టర్ ఫైనల్ అయిన మూడో రోజు, బ్యాడ్జీ, యూనిఫాం తిరిగి ఇవ్వడానికి నల్లకళ్లద్దాలు పెట్టుకుని స్టేడియానికి వెళ్లాను. మా నాయన నన్ను ఒంటరిగా పంపనని వెంట వచ్చాడు. ఆ మధ్యాహ్నం మన జట్టుకు అయిదో స్థానం కోసం ఆట ఉంది. వరండాలో అనంతపురం పిల్ల ఒక్కతే గోడకేసి బంతి కొట్టుకుంటూ ఉంది. నన్ను గుర్తుపట్టి బంతి చంకలో పెట్టుకుంది. పక్కకు తప్పుకుని పోదామనుకున్నాను. కానీ ఆగాను.

"మేడమ్, మీరు తెలుగోళ్లంట కదా. ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ బాల్ లోపల పడిందా, బయట పడిందా?"

"నాకు తెలీదమ్మా. నిజంగా చూడలేదు. నా కన్ను బాగాలేదని ముందే తెలిసి కూడా వచ్చి నిలబడ్డాను. నీకు జరగాల్సింది కాదు ఇది."

ఆ పిల్ల నా నల్లద్దాల వైపు చూసింది. కింది పెదవి కొరుక్కుంది. ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను.

"మా అమ్మ వీడియోలో వందసార్లు చూసింది మేడమ్. లోపలంటుంది. మా కోచ్ బయటంటాడు" అంది. "నేను కొట్టి కింద పడినా. నేనూ చూడలేదు."

లోపలినుంచి ఎవరో ఆమెను పిలిచారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఆ పొద్దు బో కోపమొచ్చింది మీ మీద. ఇప్పుడు కూడా కొంచెం ఉండాది" అంది.

"ఉండనీ" అన్నాను.

ఆమె తలూపి లోపలికి పరుగెత్తింది. మేం యూనిఫాం ఇచ్చేసి వెళ్లిపోదామనుకున్నవాళ్లం, మెట్లెక్కి పైవరుసలో కూర్చున్నాం. జనం పెద్దగా లేరు. మనవాళ్లు మొదటి సెట్ ఓడిపోయారు, తర్వాత మూడూ గెలిచారు. ఆఖరి పాయింటు ఆ పిల్లే కొట్టింది, కోర్టు నట్టనడుమ, ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని చోట. మా నాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నేనూ లేచాను.